బాలింతను ఎవరు అడుగుతారు?

ఆరో వారం టీకాల రోజు ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం బిడ్డను తూకం వేస్తుంది, కార్డులో రాస్తుంది, నోట్లో చుక్కలు వేసి తొడకు సూది వేస్తుంది. పాలు బాగా తాగుతున్నాడా, విరేచనం సరిగా అవుతోందా అని అడుగుతుంది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికి మూడు వారాలుగా కంటిమీద కునుకు లేకపోవచ్చు. బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టదు. వాణ్ని చూస్తే ముద్దొచ్చే బదులు భయమేస్తుంది. ఆ సంగతి ఆమె తనంతట తాను చెప్పదు, చాలాచోట్ల అడిగేవాళ్లూ ఉండరు.

ప్రసవమైన మూడో నాలుగో రోజున ఊరికే ఏడుపు రావడం, చిన్నమాటకే మనసు చివుక్కుమనడం సగానికి పైగా తల్లుల్లో ఉండేదే. దాన్ని బేబీ బ్లూస్ అంటారు. రెండు వారాల్లోపు మందులేమీ లేకుండానే పోతుంది. పోకుండా నిలిచిపోతే, లేదా మూడో నెలలో కొత్తగా మొదలైతే, అది ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను, అంటే 20,043 మంది తల్లుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. అందులో తేలిన లెక్క 22 శాతం. ఇంత మందికి వచ్చే జబ్బును మనం ఇంకా దిష్టి అనో, గాలి సోకిందనో, బాలింత నీరసమనో సరిపెడుతున్నాం.

గర్భిణిగా ఉన్నప్పుడు ఎన్నో రెట్లు పెరిగిన ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు మాయ పడిపోయాక కొద్ది రోజుల్లోనే కిందికి జారిపోతాయి. ఈ మార్పు అందరు తల్లుల్లోనూ జరుగుతుంది. కొందరి మెదడు మాత్రం దాన్ని తట్టుకోలేదు. అంతకుముందెప్పుడైనా డిప్రెషన్ వచ్చినవాళ్లకు ముప్పు ఎక్కువ. అయితే నెపమంతా హార్మోన్ల మీదికి నెట్టేస్తే మన బాధ్యత తీరదు. గోవాలో తల్లులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో పేదరికం, భర్త చేతి దెబ్బలు, మగబిడ్డను కోరుకున్న ఇంట ఆడబిడ్డ పుట్టడం ముఖ్య కారణాలుగా కనిపించాయి. ‘మళ్లీ ఆడపిల్లేనా’ అన్న మాట పురిటి మంచం దగ్గర అనేవాళ్లు, అది ఆ తల్లికి ఎంత చేటు చేస్తుందో తెలుసుకోవాలి.

జబ్బును గుర్తుపట్టడానికి పది ప్రశ్నల పట్టిక ఒకటి 1987 నుంచీ ఉంది. స్కాట్లండ్‌లో జాన్ కాక్స్, ఆయన సహచరులు తయారుచేసిన దీన్ని ఎడిన్‌బరా స్కేల్ అంటారు. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగారా, కారణం లేకుండా భయపడ్డారా, తప్పంతా మీదేనని నిందించుకున్నారా అన్నట్టు సాగుతుంది. అలసట గురించి, ఒళ్లు నొప్పుల గురించి అందులో కావాలనే అడగలేదు. అవి ఏ బాలింతకైనా ఉంటాయి కాబట్టి. పదో ప్రశ్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అన్నది. దానికి అవునని ఏ కొంచెం జవాబు వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పట్టికలో వచ్చిన మార్కులు అనుమానాన్నే చెబుతాయి, జబ్బును తేల్చేది డాక్టరే. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ చేయించాలి. వాటివల్లా మనిషి ఇలాగే డీలా పడిపోతుంది.

వైద్యం అనగానే పెద్దాసుపత్రి, ఖరీదైన మందులు అనుకోనక్కర్లేదు. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో అతిఫ్ రహ్మాన్ బృందం చేసిన ప్రయోగం చూడండి. మన ఆశా కార్యకర్తల లాంటి ‘లేడీ హెల్త్ వర్కర్ల’కు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. కడుపుతో ఉన్న ఆఖరి నెల నుంచి బిడ్డకు పది నెలలు వచ్చేదాకా పదహారుసార్లు వెళ్లారు. జబ్బు పేరెత్తితే అత్తగార్లు గడప తొక్కనివ్వరని, బిడ్డ ఎదుగుదల కోసం వచ్చామన్నారు. ‘నేను పనికిమాలిన తల్లిని’ లాంటి ఆలోచనను పట్టుకుని, అది నిజమేనా అని ఆమెతోనే పరిశీలింపజేశారు. రోజుకో చిన్న పని ఒప్పించి, ఇంట్లోవాళ్లనూ కలుపుకున్నారు. బిడ్డకు ఆరు నెలలు నిండేసరికి, మామూలుగా ఇంటికి వెళ్లొచ్చిన చోట 53 శాతం తల్లుల్లో డిప్రెషన్ ఇంకా ఉంటే, ఈ పద్ధతి పాటించిన చోట 23 శాతంలోనే ఉంది. ఈ ఫలితాలు 2008లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆశా కార్యకర్త మన బాలింతల ఇళ్లకూ మొదటి 42 రోజుల్లో ఆరేడుసార్లు వస్తుంది. ఆ రాకపోకల్లోనే తల్లి మనసు గురించి అడగడానికి ఆమెకు శిక్షణ, తగిన భత్యం ఇవ్వాలి.

కుంగుబాటు తీవ్రంగా ఉంటే మందులు కావాలి. ‘పాలిచ్చే తల్లికి మాత్రలా?’ అన్న భయంతోనే చాలా ఇళ్లలో వైద్యం ఆగిపోతోంది. సెర్ట్రలిన్ లాంటి మందు తల్లిపాలలోకి చేరేది చాలా తక్కువ. డాక్టరు సలహాతో వాడుతూ పాలివ్వొచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తేలికపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. సొంతంగా ఆపేయకూడదు.

వెయ్యి మంది బాలింతల్లో ఒకరిద్దరికి మతి చలించినట్టు అవుతుంది. లేని మాటలు వినిపించడం, బిడ్డ తనది కాదనడం, రోజుల తరబడి నిద్రే లేకపోవడం వంటివి కనిపిస్తే మంత్రగాడి దగ్గరికి కాదు, తక్షణం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే విభాగం బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి ఉంది. మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి విడదీయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టమూ చెబుతోంది.

ఇక ఇంటి సంగతి. పుట్టింట్లో వేణ్ణీళ్ల స్నానం, పథ్యం, అమ్మ చేతి సాయం ఉంటాయి. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తింటికి రాగానే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. భర్త అప్పుడు పక్కన నిలబడాలి. రాత్రి పాలిచ్చాక బిడ్డను తను ఎత్తుకుని, ఆమెను నాలుగైదు గంటలు ఏకధాటిగా పడుకోనిస్తే అదీ వైద్యంలో భాగమే. ‘అందరూ కనలేదా’ అని ఎవరైనా అంటే అడ్డుపడాల్సిందీ అతనే.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. బాలింతే చేయాలని లేదు, ఆమె గురించి దిగులుపడుతున్న తల్లి, భర్త, అత్త, ఎవరైనా చేయవచ్చు.