చిన్న పట్టణములయందలి పాతయిండ్లు

చిన్న పట్టణమున నొక పాతయిల్లు పడగొట్టబడునప్పుడు రెండు మాటలు వినవచ్చుచుండును. "ఎంతటి యిల్లు! ఇట్టిది మరల కట్టగలరా?" యని వీథిని పోవువారందురు. "వానకు కారునట్టి యింటిలో మీరు కాపురముండి చూడుడు" అని యింటివారందురు. ఈ రెండు మాటలును సత్యములే. ఒకదానిని విని రెండవదానిని విననందుననే మన పురపాలక సంఘములు ఈ విషయమున నే నిర్ణయమును చేయజాలక, తుదకు వానయు చెదలును చేసిన నిర్ణయమునే యంగీకరించుచున్నవి.

ఈ ప్రశ్నను ఒక ప్రదేశమును కన్నులయెదుట నుంచుకొని విచారించుట మేలు. తమిళనాడునందు శివగంగ, పుదుక్కోట జిల్లాలలో కారైక్కుడి పట్టణమును, దాని చుట్టునున్న డెబ్బదికి పైబడిన గ్రామములును కలిపి చెట్టినాడని పిలుతురు. అది నాట్టుకోట్టై నగరత్తారుల సీమ. 19వ శతాబ్ది మధ్యభాగము మొదలు 1940 ప్రాంతము వఱకు వీరు బర్మా, సింహళము, మలయా దేశములలో వడ్డీవ్యాపారము చేసి గడించిన ధనముతో స్వగ్రామములలో మహాభవనములు కట్టించిరి. స్తంభములకు బర్మా టేకు, నేలకు ఇటలీ పాలరాయి, గోడలకు నిలువుటద్దములు ఓడలపై వచ్చినవి. కాని యింటికి ప్రాణమైన పనితనము స్థానికమే. గానుగ సున్నమును, గుల్లసున్నమును, కోడిగ్రుడ్ల తెల్లసొనను చేర్చి, పూతపై పూత వేసి మెఱుగుపెట్టిన గోడ నేటికిని అద్దమువలె నున్నది. ఆత్తంగుడి గ్రామమున గాజుపలకపై రంగులు పోసి చేతితో చేసిన నేలబిళ్లలు నేటికిని తయారగుచునే యున్నవి.

ఈ యిండ్ల యమరికను గమనింపుడు. వీథివైపున ఎత్తైన అరుగులు. వాని వెనుక స్తంభముల సావడి. ఆపై ఆకాశమునకు తెఱచియుండు ముంగిలి, అనగా మన గోదావరి మండలములలో మండువా యనబడునది. దాని చుట్టును వివాహితులైన కుమారులకు ఒక్కొక్కరికి ఒక్కొక్క గది. వెనుక మరియొక ముంగిలి, వంటయిల్లు, పెరడు. ముందువాకిలి ఒక వీథిలోనుండ పెరటిగుమ్మము వెనుకవీథిలో నుండును. పెంకులపై పడిన వాన ముంగిటిలోనికి జాఱి తొట్లను నింపును. మిగిలిన నీరు కాలువల వెంట ఊరిచెఱువునకు పోవును. వాననీరే యాధారమైన యా యెండసీమలో ఇల్లును, వీథియు, చెఱువును ఒకే యేర్పాటులోని భాగములు. కావున అచ్చట ఇల్లు పడగొట్టుట యనగా కొన్ని గోడలను పోగొట్టుకొనుట మాత్రమే కాదు. చెఱువునకు వచ్చు నీటిదారిని గూడ పోగొట్టుకొనుట.

ఈ వైభవము వచ్చినంత వేగముగనే పోయెను. 1930 నాటి ఆర్థిక మాంద్యములో బర్మా రైతులు అప్పులు తీర్పలేక భూములను వదలుకొనగా, 1938 నాటికి దిగువ బర్మాయందలి ముఖ్యమైన వరిజిల్లాలలో సుమారు నాలుగవవంతు భూమి చెట్టియారుల వశమయ్యెను. 1942లో జపాను సైన్యములు బర్మాను ఆక్రమించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948లో బర్మా ప్రభుత్వము భూములను జాతీయము చేయుటకు చట్టము చేసెను. ఇంటిని నిలిపిన యాదాయము సముద్రమున కావలనే నిలిచిపోయెను. ఇల్లు మాత్రము ఈవల మిగిలెను.

ఆనాటినుండి ఈ యిండ్లు కూలుటకు కారణమెవరు? దుర్మార్గులెవరును కారు. తాత కట్టించిన యింటికి నాలుగవ తరమున పదులకొలది హక్కుదారులుందురు. ఒకరు చెన్నపట్టణమున, ఒకరు సింగపూరున, ఒకరు అమెరికాలో. కప్పు బాగుచేయింపవలెనన్న అందఱును చందా వేసికొనవలయును. అమ్మవలెనన్న అందఱును సంతకము చేయవలయును. బాగుచేయుటకు ఒకరు ఒప్పుకొననిచో ఇల్లు కారును. కారుచున్న యింటిని చూచి మఱియిద్దరు అమ్మకమునకు ఒప్పుకొందురు. అప్పటికి ఇల్లు నిలిచియున్న భారము, విడదీసిన ధనము. దాని టేకు స్తంభములను, ద్వారబంధములను, దూలములను కొనువారు కారైక్కుడిలోనే యున్నారు. ఆ స్తంభములు దూరనగరములలోని భోజనశాలలకును, ధనికుల కొత్త మేడలకును అలంకారములగుచున్నవి.

అయినను ఆ సీమలో పెక్కు భవనములు నేటికిని నిలిచియుండుటకును ఆ యుమ్మడి హక్కే కారణమనుట గమనింపదగినది. పెండ్లియైనను, షష్టిపూర్తియైనను పూర్వుల యింటనే జరుగవలెనను ఆచారము వారిలో బలముగా నున్నది. ఏటికొకసారియైనను తలుపులు తెఱచి, బూజు దులిపి, సున్నము వేసిన యిల్లు బ్రతుకుచున్నది. పదియేండ్లు తాళము వేసిన యిల్లు కూలుచున్నది. పాతయింటికి శత్రువు కొత్తదనము కాదు, నిరుపయోగమే.

ఇక పట్టణమునకు గూడ తన యక్కఱలున్నవి. 2011 జనాభా లెక్కలలోనే కారైక్కుడి లక్ష దాటినది. 2024లో నగరపాలక సంస్థ యైనది. విశ్వవిద్యాలయమున్నది, పరిశోధనాలయమున్నది. చదువుకొనువారికి అద్దెగదులు కావలయును. వర్తకులకు అంగళ్లు కావలయును. వీథులకు మురుగుకాలువలు కావలయును. ఊరంతయు ప్రదర్శనశాలయై యుండవలెనని కోరుటకు ఎవ్వరికిని అధికారము లేదు. పూర్వమిండ్లు కట్టినవారును తమ కాలమునకు కొత్తవారే. సముద్రాంతరములనుండి కొత్త వస్తువులను తెచ్చి పాతవాటిప్రక్కన నిలిపినవారే.

చట్టము మనకేమి సాయపడుచున్నది? 1958 నాటి పురాతన స్మారకముల చట్టము నూరేండ్లు దాటిన కట్టడములలో జాతీయ ప్రాముఖ్యము గలవానిని ఎన్నుకొని కాపాడును. 2010లో దానిని సవరించి, అట్టి స్మారకమునకు నూఱు మీటర్ల లోపల కొత్త కట్టడములను నిషేధించి, ఆపైని రెండువందల మీటర్లలో అనుమతి కావలెనని నిర్ణయించిరి. ఈ కట్టుబాటు గుడికిని కోటకును తగును. మనుష్యులు కాపురముండు వీథికి తగదు. కాపురపు టిండ్లకై ముంబయి, హైదరాబాదు నగరములలో 1995లో వేఱు నియమములు వచ్చినవి. హైదరాబాదు నియమమును 2015లో తొలగించిరి. 2017లో తెలంగాణ ప్రభుత్వము కొత్త చట్టము చేసెను. తమిళనాడు శాసనసభ 2012లో వారసత్వ సంఘమునకై చట్టము చేసెను. ఈ పద్ధతులలో తఱచుగా గానవచ్చు లోపమొకటి. యజమానిని "పడగొట్టవద్దు" అని శాసించుట సులభము. "నిలుపుటకు నీకిది సాయము" అని చెప్పుట అరుదు. సాయము లేని నిషేధమునకు యజమాని యిచ్చు సమాధానము ఒక్కటే: తాళము వేసి, ఇల్లు తనంతట తానే కూలువఱకు వేచియుండుట. పెద్ద నగరములలో కట్టుబడి హక్కును వేఱొకచోటికి బదిలీచేసి నష్టపరిహార మీయవచ్చును. చిన్నపట్టణమున స్థలమునకు అంత గిరాకి లేనందున ఆ హక్కును కొనువారే యుండరు. కావున ఇచ్చట మార్గము వేఱుగా నుండవలయును.

పుదుచ్చేరి యిందుకు రెండువిధముల దృష్టాంతముగా నున్నది. అచ్చటి వైశ్యాల్ వీథిలో, ఐరోపా సమాజము ధనసహాయము చేసిన పథకము క్రింద, తమిళ పద్ధతినున్న యిండ్ల ముంగిళ్లను, అరుగులను, వీథి పంచలను వరుసగా బాగుచేసిరి. ఇంటివారును అందులో భాగస్వాములైరి. కూలిన పంచలను పాత కొలతలతో మరల కట్టిరి. వీథి యొక వీథిగా కనబడజొచ్చెను. 2008లో దానికి యునెస్కో బహుమానము లభించెను. అదే పట్టణమున 1870 ప్రాంతమున కట్టిన పురపాలక భవనము, ఫ్రెంచివారు "మేరీ" యని పిలిచినది, బాగుచేత కెదురుచూచి చూచి, 2014 నవంబరు 29వ తేదీన వానలకు కుప్పకూలెను. పిమ్మట ప్రపంచ బ్యాంకు ఋణముతో దానిని పాత రూపముననే కొత్తగా నిర్మించిరి. పాతగోడకు సకాలమున సున్నము పూయుటకు లేదన్న సొమ్ము, కొత్త గోడ కట్టుటకు ఎన్నియో రెట్లుగా వెచ్చింపవలసి వచ్చెను.

చెట్టినాడులో కొన్ని భవనములు అతిథిగృహములై బాగుపడినవి. కానాడుకాత్తానునను, కారైక్కుడిలోను అట్టివి చూడవచ్చును. వంటవారికి, వడ్రంగులకు, తాపీపనివారికి వానివలన జీవనము దొరకుచున్నది. 2014లో ఈ గ్రామములను భారతప్రభుత్వము యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్పించినది. ఇదియంతయు సంతోషకరమే. కాని వేలకొలది యిండ్లున్నచోట అన్నియును అతిథిగృహములు కాజాలవు. యాత్రికుని నమ్మి వీథిని నిలుపుదమనుకొనుట వాననమ్మి వ్యవసాయము చేయుటవంటిది. ఇంటిలో ఇంటివారుండగల మార్గమును వెదకుటయే ముఖ్యము.

ఈ సందర్భమున తెలుగువారు మఱవరాని సంగతి యొకటి కలదు. బర్మా సంపద వడ్డీలెక్కలలోనే పుట్టలేదు. రంగూను రేవులో బరువులు మోసిన తెలుగు కూలీలను అచ్చటివారు "కోరంగీ"లని పిలిచెడివారు; యానాము చెంతనున్న కోరంగి రేవు పేరే దానికి మూలము. 1930 మేనెలలో రంగూనున చెలరేగిన అల్లరులలో ఈ కూలీ లనేకులు ప్రాణములు గోల్పోయిరి. ఓడ నిండుగ టేకు పంపించినవాని యిల్లు నేడు చరిత్ర యైనది. రేవున బరువు మోసినవాని గుడిసెకు గుఱుతు లేదు. అరుగు అందమైనదే; కాని ఆ యరుగుమీద కూర్చుండుటకు అందఱికిని హక్కు లేకుండెడిదనుటయు నిజమే. పాతయిండ్లను కాపాడుమనువారు ఈ నిజమును దాచరాదు. ఇండ్లను నిలిపిన నిలుపుడు. వానిని ఎవరి చెమటతో కట్టిరో, ఎవరు గడప యీవలనే నిలువవలసి వచ్చెనో ఆ కథను గూడ ఆ గోడలపై వ్రాయుడు. అప్పుడు గాని అది ఊరందఱి ఆస్తి కాదు.

మన సీమల స్థితి యెట్లున్నది? రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారి యింటిని, విజయనగరమున గురజాడ అప్పారావుగారి యింటిని స్మారకములుగా నిలుపుకొంటిమి. మహనీయుల యిండ్లను కాపాడుట మనకు తెలిసినది. పేరులేనివారి వీథిని కాపాడుట మన కింకను తెలియదు. గోదావరి మండలములలో మండువా లోగిళ్లు తఱుగుచున్నవి. ఫ్రెంచివారి పాలన 1954లో ముగిసిన యానాము నేడు పుదుచ్చేరి ప్రభుత్వము క్రిందనే యున్నది. వైశ్యాల్ వీథిలో నేర్చిన పాఠము ఆ ప్రభుత్వమునకు కొత్త కాదు. అయితే 1996 నవంబరు 6వ తేదీ తుపాను ఆ తీరమును ఎట్లు నలిపివేసెనో యెఱిగినవారు, గాలికి నిలువని పెంకుటింట నుండుమని బీదవానికి ఉపదేశింపరాదు. అతనికి గట్టికప్పు గల యిల్లు కావలయును. కాపాడవలసిన పాతయిండ్లను గూడ తుపానుకు నిలుచునట్లు బిగింపవలయును.

కావున చిన్నపట్టణములలోని పురపాలక సంఘములు చేయదగిన పనులు కొన్ని సూచించుచున్నాము. మొదటిది, పడగొట్టుటకు దరఖాస్తు వచ్చిన పిమ్మట గాక, ముందుగనే వీథివీథిని తిరిగి పాతయిండ్ల పట్టికను సిద్ధముచేయుట. ఆ పట్టిక చిన్నదై యుండవలయును. అన్నిటిని కాపాడుదమన్న ఏదియు దక్కదు. పూర్తిగా నిలుపదగినవి కొన్ని; వీథిముఖమును, మండువాను నిలిపి వెనుకభాగమున కొత్తగా కట్టుకొనదగినవి కొన్ని; కొలతలును ఛాయాచిత్రములును తీసికొని విడువదగినవి కొన్ని. రెండవది, నిలిపినవానికి ఇంటిపన్నులో తగ్గింపును, కప్పు బాగుచేతకు స్వల్పవడ్డీ ఋణమును ఇచ్చుట. వీథియంతయు పొందు లాభమునకు ఒక్క యింటివాడే వెల చెల్లించుట న్యాయము గాదు. మూడవది, పదిమంది హక్కుదారులున్న యింటికి ఒక చిన్న ధర్మసంస్థను సులభముగా నేర్పఱచుకొను వీలు కల్పించుట. అమ్ముకొనదలచిన వాని భాగమును తక్కినవారో, పురపాలక సంఘమో ముందుగా కొనునట్లు చేయుట. నాల్గవది, కొత్తగా కట్టువారు అరుగు వరుసను, వీథి యెత్తును, వాననీటి దారిని తప్పకుండునట్లు నియమించుట. అయిదవది, గానుగ సున్నపు పని నెఱిగిన తాపీవారికి, పాతకొయ్యపని తెలిసిన వడ్రంగులకు శిష్యులను కూర్చి జీతమిచ్చి నేర్పించుట. సిమెంటుతో అతుకువేసిన సున్నపుగోడ తేమను బయటకు విడువజాలక లోననే పాడగును. పనివాడు లేనిచో చట్టమున్నను ఇల్లు నిలువదు.

ఇందులో గొప్ప వ్యయముతో కూడిన పని యేదియు లేదు. మొదటి పనికి కావలసినది ఒక కొలతటేపు, ఒక కెమెరా, ఊరి కళాశాలనుండి పదిమంది విద్యార్థులు, వారికి ఇండ్ల పేర్లు చెప్పగల యిద్దరు వృద్ధులు. వేసవి సెలవులలో ఒక్కొక్క పట్టణమున ఒక్కొక్క వీథితో ఆరంభింపవచ్చును. రాబోవు వర్షకాలమునకు పూర్వమే ఆ పట్టిక సభ యెదుటికి వచ్చినయెడల, ఏ యింటి కప్పునకు ముందుగా పెంకు వేయవలయునో సభ్యులు తీరికగా ఆలోచింపగలరు.