దామరచర్ల పొగగొట్టాలు, మన వరి మళ్ళు

మిర్యాలగూడ దాటి వాడపల్లి వైపు వెళ్ళేవారికి వీర్లపాలెం దగ్గరి యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు ఇప్పుడు చాలా దూరం నుండే కనిపిస్తాయి. 2015లో శంకుస్థాపన జరిగిన ఈ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లు ఉన్నాయి. మొత్తం 4,000 మెగావాట్లు. 2024 డిసెంబరు 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు ఒక యూనిట్‌ను ప్రారంభించారు. మధ్యలో 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దీని పర్యావరణ అనుమతిని పక్కనపెట్టి మళ్ళీ అధ్యయనం చేయమంది. ఆ తర్వాత మరోసారి ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, అనుమతి వచ్చింది.

"పొగ తెల్లగానే వస్తున్నది కదా పాస్టరు గారూ, ఇంకేం భయం?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పొగగొట్టంలో నుండి వచ్చేవాటిలో మూడింటిని వేరువేరుగా చూడాలి. ఒకటి బూడిద. దాన్ని విద్యుత్ బలంతో పట్టి ఆపే యంత్రాలుంటాయి. రెండవది గంధకపు వాయువు. దాన్ని సున్నపురాయి నీళ్ళతో కడిగి తగ్గించవచ్చు. మూడవది కార్బన్ డయాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, ఏ జల్లెడకూ ఆగదు. పొగ ఎంత తెల్లబడినా దాని లెక్క తగ్గదు. ఊపిరితిత్తులకు చేటు చేసేవి ప్రధానంగా మొదటి రెండూ. భూమి వేడెక్కడానికి కారణం మూడవది. ఈ రెండు సంగతులనూ కలిపి మాట్లాడడం వల్లే సగం గందరగోళం వస్తున్నది.

ఈ వాయువులను పాఠ్యపుస్తకాల్లో హరితగృహ వాయువులు అంటారు. పాలమూరు గొల్ల కురుమల గొంగడిని తలచుకుంటే విషయం ఇంకా తేలికగా అర్థమవుతుంది. గొంగడికి తనదంటూ వేడి లేదు. ఒంటి వేడిని బయటికి పోనీయకుండా పట్టి ఉంచుతుంది, అంతే. సూర్యుని వెలుతురు నేలను తాకి వేడిగా మారి పైకి పోతుంటే, కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువులు ఆ వేడిలో కొంత భాగాన్ని పట్టి ఉంచుతాయి. ఈ గొంగడి అసలే లేకపోతే భూమి గడ్డకట్టిపోయేది. చిక్కంతా అది మందమవుతూ పోవడంలో ఉంది. బొగ్గు యుగానికి ముందు గాలిలో పది లక్షల భాగాలకు 280 భాగాలున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

కిలో బొగ్గు కాలిస్తే ఎంత వాయువు వస్తుంది? కిలో కన్నా తక్కువే అని చాలామంది అనుకుంటారు. నిజానికి మన వైపు దొరికే రకం బొగ్గయితే కిలోన్నర దాకా వస్తుంది. బొగ్గులోని ఒక్కొక్క కర్బన పరమాణువు గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులను వెంట తీసుకుపోవడమే కారణం. ఒక యూనిట్ కరెంటుకు ఆరేడు వందల గ్రాముల బొగ్గు పడుతుంది. అంటే యూనిట్‌కు దాదాపు 0.9 కిలోల వాయువు. దామరచర్ల ఐదు యూనిట్లూ పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు 40 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది, దానితోపాటు గంటకు 3,600 టన్నుల వాయువు గాలిలో కలుస్తుంది. కొత్త యంత్రాలు పాతవాటికన్నా తక్కువ బొగ్గుతో నడుస్తాయన్నది నిజమే. అయితే ఇలాంటి కేంద్రాన్ని ఒకసారి కట్టాక పాతిక, ముప్పై ఏళ్ళు నడపాలనే చూస్తారు. ఆ సంగతీ మరువకూడదు.

ఇంతవరకు చెప్పి, తప్పంతా పొగగొట్టం మీద వేసి ఊరుకుంటే మనకు సుఖంగానే ఉంటుంది. కానీ ఆ కరెంటు ఎటు పోతున్నదో కూడా చూడాలి.

2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయింది. ఎండిన చెరువులనూ, అడుగంటిన బావులనూ చూసిన దేవరకొండ, కల్వకుర్తి, నారాయణపేట రైతుకు అది ఎంత ఊరటో పట్నంలో కూర్చున్నవారికి తెలియదు. రాత్రి పూట మోటారు వేయబోయి పాము కాటుకో, కరెంటు షాక్‌కో బలైనవారి ఇళ్ళు మన సంఘాల్లోనే ఉన్నాయి. కనుక మోటార్లకు మీటర్లు పెట్టాలని నేను అనడం లేదు. ఒక లెక్క మాత్రం మీ ముందు పెడతాను.

ఐదు హార్స్‌పవర్ బోరు మోటారు గంటకు సుమారు నాలుగు యూనిట్లు తింటుంది. యాసంగిలో రెండెకరాల వరికి రోజుకు ఏడు గంటల చొప్పున 120 రోజులు నడిచిందనుకోండి. అది 3,360 యూనిట్లు. మన ఇళ్ళకూ పొలాలకూ వచ్చే కరెంటులో బొగ్గుదే కాక శ్రీశైలం, సాగర్, జూరాల నీటి కరెంటూ, సోలారూ కలిసి ఉంటాయి. అందుకే యూనిట్‌కు 0.9 కాకుండా దేశ సగటున సుమారు 0.7 కిలోలు వేసుకుందాం. 23 క్వింటాళ్ళ పైచిలుకు వాయువు తేలుతుంది.

అదే రెండెకరాల మడిలో రెండో వాయువు పుడుతుంది. అదే మీథేన్. మడిలో నీళ్ళు విడవకుండా నిలిస్తే కింది బురదకు గాలి అందదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు అక్కడి మొదళ్ళనూ, కుళ్ళిన ఆకునూ తిని మీథేన్‌ను వదులుతాయి. అందులో ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గుల్ల దారినే పైకి వస్తుంది, కొంత బుడగలుగా లేస్తుంది. నిలువు నీటి వరికి శాస్త్రజ్ఞులు వాడే అంచనా ప్రకారం ఎకరాకు ఒక పంటలో సుమారు 40 కిలోల మీథేన్ వస్తుంది. చూడటానికి ఎంతో లేదు. కానీ నూరేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు వేడిని పడుతుంది. రెండెకరాలకు 80 కిలోలు, అంటే 22 క్వింటాళ్ళ కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

మోటారు వాటా 23, మడి వాటా 22. ఎకరాకు 25 క్వింటాళ్ళ వడ్లు పండితే ఆ రెండెకరాల్లో 50 క్వింటాళ్ళు. కోతపండుగనాడు మందిరంలో పెట్టే వడ్ల బస్తా వెనుక దాదాపు అంతే బరువు కనిపించని వాయువు ఉందన్నమాట. యూరియా నుండి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ ఇందులో కలపలేదు. నేలను బట్టి ఈ అంకెలు మారుతాయి. నీళ్ళు త్వరగా ఇంకిపోయే చల్క నేలలో మీథేన్ తగ్గవచ్చు, కానీ అక్కడ మోటారు ఇంకా ఎక్కువ నడవాలి.

ఈ రెండు వాటాలూ ఒకే మీట మీద ఆధారపడి ఉండటమే ఇక్కడ అసలు సంగతి. నీళ్ళు తగ్గితే మోటారు తగ్గుతుంది, మీథేనూ తగ్గుతుంది.

వరి నీటిలో పండుతుంది గానీ నీటి మొక్క కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం శ్రీ వరి సాగును రైతుల దగ్గరికి తెచ్చినప్పుడు ఈ మాటే చెప్పింది. అది లేత నారును ఒక్కొక్కటిగా నాటాలి, కలుపు యంత్రం తిప్పాలి అనడంతో కూలీల కొరతకు ఆగిపోయింది. దానికన్నా తేలికైనది అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేస్తున్న తడిపి ఆరబెట్టే పద్ధతి. అడుగు పొడవున్న ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకొని, కింది సగానికి చుట్టూ రంధ్రాలు పెట్టి, ఆ సగం మట్టిలో దిగేలా మడిలో పాతి, లోపలి బురద తీసేయాలి. నాటిన రెండు వారాల తర్వాత నుండి నీరు పెట్టి వదిలేయాలి. పైన మడి ఆరినట్టు కనిపించినా పైపులో చూస్తే లోపల నీరుంటుంది. అది నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్ళీ మోటారు వేయాలి. పూతకు వారం ముందు నుండి, పూత అయ్యాక వారం దాకా మాత్రం పలుచగా నీరు నిలపాలి. అప్పుడు ఎండగడితే తాలు పోతుంది. ఇలా చేస్తే మీథేన్ సగం దాకా, నీరు నాలుగో వంతు దాకా తగ్గుతాయని, జాగ్రత్తగా చేస్తే దిగుబడి తగ్గదని అనేక దేశాల పరీక్షల్లో తేలింది.

ఇబ్బందులు లేవని చెప్పను. నీరు ఆరితే కలుపు పెరుగుతుంది, కలుపు కూలి ఎవరిస్తారన్నది ఇంట్లో ఆడవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న. చౌడు నేలకు ఇది సరిపడదు. ఆరుతూ తడుస్తూ ఉంటే నైట్రస్ ఆక్సైడ్ కొంచెం పెరుగుతుంది, యూరియా ఒకేసారి చల్లకుండా విడతలుగా వేస్తే అది అదుపులో ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద పై మడి నుండి కింది మడికి నీళ్ళు పారే చోట ఒక్క రైతు అనుకుంటే జరగదు. ఆ ఆయకట్టులో వారబందీ పెట్టినప్పుడు చివరి భూముల వారికి తప్పనిసరిగా జరిగేది దాదాపు ఇదే పద్ధతి, కాకపోతే అది వారి ఇష్టంతో జరగదు. బోరు రైతుకు మాత్రం మీట తన చేతిలో ఉంది. అందుకే ఆటో స్టార్టర్ సంగతి ప్రస్తావిస్తున్నాను. కరెంటు రాగానే తనంతట తాను మోటారు వేసే ఆ డబ్బాను తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని కాలంలో అది అవసరం. రోజంతా ఉండే కరెంటుకు అది నీటిని ఊరికే పారబోసే పరికరం.

"అమెరికావారు కార్లలో తిరిగి పాడుచేస్తే మన రైతు మడి ఎందుకు ఆరబెట్టాలి?" అనే మాట కూడా వింటాం. దీన్ని కొట్టిపారేయలేం. తలకు లెక్కవేస్తే ఏటా భారతీయుని వాటా కార్బన్ డయాక్సైడ్ రెండు టన్నులకు అటూ ఇటూ ఉంటుంది, అమెరికావారిది 14 టన్నుల దరిదాపు. 2021లో గ్లాస్గోలో అనేక దేశాలు మీథేన్ తగ్గిస్తామని ప్రతిజ్ఞ చేస్తే మన దేశం అందులో చేరలేదు. వరి, పశువుల నుండి వచ్చేది చిన్న రైతు బతుకుదెరువుకు సంబంధించినదనీ, విలాసం కాదనీ ప్రభుత్వం చెప్పింది. నా దృష్టిలో ఆ వాదన సరైనదే. అదే సభలో మన ప్రధాని 2070 నాటికి దేశం నికర ఉద్గారాలను సున్నాకు తెస్తుందని మాట ఇచ్చారు. ఎక్కువ భారం ఎక్కువ వాడినవారు మోయాలి. అయితే మడి ఆరబెట్టడం అమెరికాకు చేసే ఉపకారం కాదు. మిగిలేది మన బోరు నీళ్ళు. యాసంగి ఆలస్యంగా నాటి, పూత ఏప్రిల్ ఎండలకు దొరికితే గింజ పట్టదు. ఎండ పెరిగిన కొద్దీ ఆ నష్టం మొదట తగిలేది రెండెకరాల కౌలు రైతుకే.

కార్బన్ క్రెడిట్లు ఇప్పిస్తామని కంపెనీలవారు వరి రైతుల దగ్గరికి వస్తున్నారు. టన్ను తగ్గింపుకు ఒక క్రెడిట్, దాన్ని వేరే కంపెనీ కొంటుంది. పద్ధతి చెడ్డది కాదు, లెక్క నిజమైతే. వెర్రా అనే ధ్రువీకరణ సంస్థ చైనాలోని 37 వరి ప్రాజెక్టులను 2024లో తిరస్కరించింది. కనుక సంతకం పెట్టేముందు ఎన్నేళ్ళ ఒప్పందం, టన్నుకు రైతు చేతికి ఎంత, కౌలు రైతుకా పట్టాదారుకా అన్న మూడూ కాగితం మీద ఉన్నాయో లేదో చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి.

మందిరాలు కట్టే సంఘాలకు ఒక మాట. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్ళచెరువు వైపు ఉన్న సిమెంటు కర్మాగారాలది వేరే కథ. నూరు కిలోల సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఆ రాతిలో నుండే పైకి పోతుంది. మొత్తం కర్మాగారాన్ని సోలారుతో నడిపినా ఈ భాగం ఆగదు. ఉన్న దారి కాల్చిన రాయిని తక్కువ వాడటమే. థర్మల్ కేంద్రం బూడిదను 15 నుండి 35 శాతం దాకా కలిపి చేసే పీపీసీ సిమెంటు అందుకే మేలు. గోడలకూ ప్లాస్టరుకూ అది ఏమాత్రం తక్కువ కాదు, నీళ్ళు మాత్రం కొన్ని రోజులు ఎక్కువ పట్టాలి. మేస్త్రి వద్దంటే కారణం అడగండి. క్రిస్మస్‌కు గోడలకు కొట్టే సున్నం మాత్రం ఎండేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి తీసుకొని రాయిగా మారుతుంది. రాతిలో నుండి పోయినదాన్నే అది మళ్ళీ తీసుకుంటున్నది.

యాసంగి నారు పోయడం నవంబరు, డిసెంబరుల్లో మొదలవుతుంది. బోరు కింద వరి వేసే విశ్వాసులు పొలమంతా ఒకేసారి మార్చవద్దు. పాత పైపు ముక్కకు రంధ్రాలు పెట్టి, నీళ్ళు బాగా నిలిచే ఒక్క మడిలో పాతండి. పక్క మడి ఎప్పటిలాగే ఉండనివ్వండి. మోటారు వేసిన గంటలనూ, కలుపు కూలినీ, నూర్చిన తర్వాత బస్తాలనూ రెండు మళ్ళకూ విడివిడిగా రాసి పెట్టండి.