పరోక్ష దంత పునరుద్ధరణ: పంటి ఎంపిక, తయారీ – భద్రాచలం అటవీ ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం

“పంటికి క్యాప్ వేయాలి” అన్న మాట విన్న రోగి, తలపై టోపీ పెట్టినట్లు ఉన్న పంటిమీదనే ఏదో తొడుగుతారని భావించడం సహజం. వాస్తవానికి తొడుగుకు చోటు కల్పించడం కోసం ముందుగా ఆ పంటిని చుట్టూ అరగదీస్తారు. అలా పోయిన ఎనామెల్ పొర తిరిగి పెరగదు. భాషాధ్యయనంలో ఉన్న ఈ వ్యాసకర్తను ఈ అంశం వైపు నడిపించింది, అసలు విషయాన్ని కప్పిపుచ్చే ఆ “క్యాప్” అనే పదమే.

పుచ్చును తొలిచి నోటిలోనే పూడ్చితే అది ప్రత్యక్ష పునరుద్ధరణ. పంటి అచ్చు తీసి, ల్యాబ్‌లో తయారుచేయించి, తరువాత అతికిస్తే పరోక్ష పునరుద్ధరణ. గుంటలో ఒదిగే ఇన్‌లే, నమిలే మొనలను కప్పే ఆన్‌లే, ముందు పళ్లకు అతికే పలుచని వెనీర్, పంటినంతా కప్పే క్రౌన్ దీని రూపాలు. మైనపు నమూనా చుట్టూ మూస కట్టి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోయడం మన శిల్పశాస్త్రాలలో మధూచ్ఛిష్ట విధానంగా ప్రసిద్ధం. ఆదిలాబాద్ ఓజా కళాకారులు నేటికీ ఇత్తడి బొమ్మలను అలాగే పోస్తారు. 1907లో అమెరికా దంతవైద్యుడు విలియం టాగర్ట్ బంగారు ఇన్‌లేల తయారీకి ఈ పద్ధతినే ప్రచారంలోకి తెచ్చాడు.

ఏ పన్ను?

పుచ్చు ఎంత ఉన్నదన్నది కాదు, పుచ్చు తీసివేశాక గట్టి పన్ను ఎంత మిగులుతుందన్నదే మొదటి ప్రశ్న. చిన్న పుచ్చుకు ఫిల్లింగ్ చాలు. అక్కడ క్రౌన్ వేయడం మంచి పన్నును చేజేతులా పోగొట్టుకోవడమే. రూట్ కెనాల్ చేసిన దవడ పళ్లు నమిలేటప్పుడు చీలే ప్రమాదం ఎక్కువ గనుక వాటి మొనలను కప్పడం సాధారణంగా అవసరమవుతుంది. అయితే అంచు చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్ను మిగిలి ఉండాలి. బండిచక్రాన్ని ఇనుప పట్టా బిగించి పట్టినట్లు తొడుగు ఆ భాగాన్ని చుట్టి పడుతుంది. అది లేకపోతే తొడుగు ఊడుతుంది, లేదా వేరే విరుగుతుంది. చుట్టూ ఎముక కరిగి పన్ను బాగా కదులుతుంటే ఎంత మంచి తొడుగైనా వ్యర్థం.

తయారీ

నమిలే తలంపై లోహపు తొడుగుకు సుమారు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు, లోహంపై పింగాణి వేసినదానికి 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు తగ్గిస్తారు. వెనీర్‌కు ముందువైపు అర మిల్లీమీటరు దాపు చాలు. పంటి గోడలు పైకి పోనుపోను కొద్దిగా సన్నబడాలి. ఎదురెదురు గోడల మధ్య 6 డిగ్రీల కోణం ఆదర్శమని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఆచరణలో అంతకన్నా ఎక్కువే వస్తుంది. మరీ ఏటవాలైతే తొడుగు నిలవదు, గోడ లోపలికి వంగితే అసలు దిగదు. డ్రిల్ వేడికి లోపలి నాడి దెబ్బతినకుండా నీరు చిమ్ముతూ అరగదీయాలి. అంచును వీలైనంతవరకు చిగుళ్లకు పైనే ఉంచితే, బ్రష్‌తోనైనా పందుంపుల్లతోనైనా శుభ్రం చేసుకోవడం సులువు.

నదికి ఆవల

దంతవైద్య కళాశాల ఉన్న ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. గోదావరి దాటాలి. దుమ్ముగూడెం, చర్ల మండలాల కోయ గూడేలు ఇంకా లోపల. ల్యాబ్‌లో చేయించే తొడుగుకు సాధారణంగా కనీసం రెండుసార్లు రావాలి. ఈ మధ్యకాలానికి వేసే తాత్కాలిక తొడుగు కొద్ది వారాల కోసమే. అది ఊడిపోతే అరగదీసిన పన్ను జివ్వుమంటుంది. పక్క పళ్లు, ఎదుటి పన్ను జరిగి, తీరా వచ్చిన అసలు తొడుగు పట్టకపోవచ్చు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెనపై రాకపోకలే నిలిపివేశారు.

అందువల్ల ఏ నెలలో పన్ను అరగదీయాలన్నది కూడా ఇక్కడ పంటి ఎంపికలో భాగమే. పాఠ్యగ్రంథాల జాబితాలో ఋతువు ఉండదు. మొనలను కప్పుతూ ఒకే రోజున కాంపోజిట్‌తో పూర్తిచేయగలిగితే, వానాకాలంలో వచ్చిన రోగికి అదే మేలు కావచ్చు. రెండో రాకకు కూలి పోగొట్టుకోలేక పన్ను తీయించుకునేవారిని అవగాహన లేనివారనడం అన్యాయం. వారి లెక్క వారికుంది. ఆ లెక్క సరిగా వేసుకోవాలంటే సంతకానికి ముందే, వారికి తెలిసిన మాటలలో, అవసరమైతే కోయ మాట్లాడేవారి ద్వారా, మూడు వాక్యాలు చెప్పాలి: మీ పన్నును చుట్టూ అరగదీస్తాం. అది మళ్లీ పెరగదు. రెండోసారి తప్పక రావాలి, ఎప్పుడు రాగలరు?