బెంగుళూరు పక్కన కోలారు

మహానగరం పక్కనున్న ప్రాంతం తనంతట తానే బాగుపడుతుందని చాలామంది నమ్మకం. తెలుగు ఇంటిభాషగా గల కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న కోలారు జిల్లాను చూస్తే ఆ నమ్మకాన్ని కొంత సవరించుకోవలసి వస్తుంది.

ఒకప్పుడు ముందున్నది కోలారే. శివనసముద్రం జలవిద్యుత్తు 1902లో మొదట కోలారు బంగారు గనులకు చేరింది. బెంగుళూరులో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో. గనులు 2001లో మూతపడ్డాక ఆ కుటుంబాల పిల్లలు ఎందరో తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి, పనిచేసుకుని రాత్రికి ఇల్లు చేరుతున్నారు. జీతం ఇంటికి వస్తుంది గాని, వారి పని వల్ల పెరిగే వ్యాపారం అక్కడే ఉంటుంది.

స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్దాల్ 1957లో దీన్ని రెండుగా విడదీసి చూపాడు. నగరపు గిరాకీ, పెట్టుబడి చుట్టుపక్కలకు పాకడం వ్యాప్తి ప్రభావం. చుట్టుపక్కల మనుషులనూ, డబ్బునూ నగరం తనవైపు గుంజుకోవడం ఈడ్పు ప్రభావం. (ఈ తెలుగు మాటలు మేము పెట్టినవి. ఇంతకన్న మంచివి తోస్తే విద్యార్థులు అవే వాడుకోవచ్చు.)

కోలారులో ఈ రెండూ ఒకే పొలంలో కనిపిస్తాయి. నగరపు గిరాకీ వల్లనే ఇక్కడ పాడి, టమాటా, కూరగాయల సాగు పెరిగాయి. అది వ్యాప్తి. అయితే ఏడాది పొడవునా పారే నది ఈ జిల్లాకు లేదు. పంటకు బోరుబావే దిక్కు. బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయాయి. టమాటా బరువులో నూటికి తొంభై వంతులకు పైగా నీరే కదా! రైతు లారీకెత్తి పంపుతున్నది ఒక విధంగా తన భూగర్భజలాన్నే.

దానికి బదులా అన్నట్లు, 2018 నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి, కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం కింద కోలారు చెరువులకు పంపుతున్నారు. ఏళ్ల తరబడి ఎండిన చెరువులు నిండాయి, బోర్లలో నీటిమట్టం లేచింది. ఆ ఏడాదే లక్ష్మీసాగరం చెరువులో నురుగూ లేచింది. శుద్ధి రెండో దశతో ఆపక మూడో దశ దాకా జరపాలని రైతులు అడుగుతూ వచ్చారు. అది న్యాయమైన కోరికే అని మా అభిప్రాయం.

ఇక హోసూరును చూడండి. అదీ బెంగుళూరు పక్కదే, అక్కడా తెలుగువారు ఎక్కువే. తమిళనాడు ప్రభుత్వం 1970లలోనే అక్కడ సిప్కాట్ పారిశ్రామికవాడ పెట్టింది. లారీలు, మోపెడ్లు, గడియారాలు తయారుచేసే కర్మాగారాలు ఊరికే వచ్చాయి. కోలారు జిల్లా నరసాపురకు పెద్ద కర్మాగారాలు వచ్చింది 2010 దాటాకనే. హోసూరు బెంగుళూరుకు మరికొంత దగ్గర, నిజమే. కానీ ముప్పై, నలభై ఏళ్ల తేడాకు ఆ కొద్ది మైళ్లు కారణమంటే మేము ఒప్పుకోలేము.