పరిహాసము - ఔచిత్యము

భరతముని నాట్యశాస్త్రములో హాస్యమును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు విధములుగా విభజించినాడు. ఈ విభాగము నవ్వువాని ముఖమును బట్టి చేసినది. ఒక జాతినో ప్రాంతమునో ఉద్దేశించిన చతురోక్తిని "మృదువైన పరిహాసమే కదా" అని సమర్థించువారు కూడ ఈ కొలతనే వాడుచున్నారు. కాని మృదుత్వమును నిర్ణయింపవలసినవాడు నవ్వినవాడా, నవ్వులపాలైనవాడా?

ముందుగా ఇట్టి చతురోక్తుల నిర్మాణమును పరిశీలింతము. మన దేశములో "సర్దార్జీ"లపై చెప్పుకొను కథలవంటివే ఇంగ్లండులో ఐరిష్ వారిపైన, ఫ్రాన్సులో బెల్జియనులపైన, అమెరికాలో పోలిష్ వారిపైన చెప్పుకొన్నారు. పేరు మార్చినంతమాత్రమున కథ చెడదు. అనగా అందులో సిక్కులను గూర్చిన పరిశీలన యేమియు లేదు. గురజాడ గిరీశము అట్లు కాదు. అతని స్థానములో మరొకనిని నిలిపినచో 'కన్యాశుల్కము' నిలువదు. అక్కడి నవ్వు మనిషిని చూచి పుట్టినది. ఇక్కడిది గుంపు పేరు విని పుట్టుచున్నది.

ఖుష్వంత్ సింగ్ తనవారిపై తానే హాస్యకథలు చెప్పి దేశమును నవ్వించినాడు. అది ఇంటివాడు ఆడిన మాట. తలపాగా కట్టిన ఒంటరి బాలుని చుట్టు చేరి పదిమంది తోటి విద్యార్థులు అదే కథ చెప్పినపుడు మాట మారదు, బలాబలములు మారును.

తెలుగువారికి ఈ రెండు పక్షములును అనుభవమే. ఉత్తరాదిని "మద్రాసీ" అనియు, తమిళనాట "గొల్టి" అనియు అనిపించుకొన్నాము. మనమును "అరవ" యాసను వెక్కిరించితిమి. చిరకాలము చలనచిత్రములలో తెలంగాణ మాటను ప్రతినాయకునికో హాస్యపాత్రకో అంటగట్టితిమి. 2014లో ప్రత్యేక రాష్ట్రమునకు దారితీసిన ఉద్యమములో ఈ మనస్తాపము కూడ ఒక భాగము.

ఆ 2014 జనవరిలోనే ఢిల్లీ లజపతినగర్‌లో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి యొకడు, తన జుట్టును ఎగతాళి చేయగా రేగిన తగాదాలో దెబ్బలు తిని మరణించినాడు. ప్రతి పరిహాసము ఇంతదూరము పోదు. కాని ఇంతదూరము పోయినదానికి మొదలు నవ్వులాటయే.

సర్దార్జీ హాస్యమును అరికట్టవలెనన్న అభ్యర్థనపై 2017లో సుప్రీంకోర్టు, పౌరులకు నైతిక మార్గదర్శకములు విధింపజాలమని చెప్పినది. ఇది సముచితమే. చట్టము విడిచిన ఆ చోటనే రచయిత ఔచిత్యబుద్ధికి పని యున్నది. అతడు తన్ను ప్రశ్నించుకొనవలసినవి మూడు. ఈ పాత్ర మనిషియా, గుంపు పేరా? ఆ వర్గపు పాఠకుడు ఎదుట కూర్చుండగా దీనిని చదువగలనా? అతడు బదులు పలుకుటకు నా రచనలో చోటున్నదా? వీనికి సమాధానము దొరికినచో ఆ హాస్యమును వదలుకొననక్కరలేదు. దొరకనిచో, అది యెంత మృదువైనను, వ్రాతప్రతిలోనే కొట్టివేయుట మేలు.