ఆరు వారాలు ఆగే సబ్బు

మా సబ్బులు అడిగిన రోజున దొరకవంటే చాలామంది అదో వ్యాపార కిటుకు అనుకుంటారు. "గిరాకీ పెంచడానికేగా అక్కా!" అని సింధనూరులో ఒక ఫ్యాన్సీ షాపు అబ్బాయి మొహం మీదే అనేశాడు. కిటుకేమీ లేదు. పోసిన సబ్బు వాడకానికి రావడానికి ఆరు వారాలు పడుతుంది. ఆరబెట్టుకోవడానికి నాకున్నది ఒక్క షెడ్డు.

మాది రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న తెలుగువాళ్ల ఊళ్లకు ఇప్పటికీ క్యాంపులనే పేరు. వరి ఉన్నచోట మిల్లులు, మిల్లులున్నచోట తవుడు. నా సబ్బులో దాదాపు సగం తవుడు నూనే.

ఒక విడతకు రెండు కిలోల కొబ్బరినూనె, రెండు కిలోల తవుడు నూనె, అరకిలో ఆముదం తీసుకుంటాను. కొబ్బరినూనె నురగనిస్తుంది. ఆముదం ఆ నురగను నిలబెడుతుంది. కొబ్బరినూనె ఒక్కటే వేస్తే ఒళ్లు పొడిబారి లాగుతుంది, అందుకే తవుడు నూనె. వీటికి సుమారు 660 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. నూనెలో 5 శాతం సబ్బుగా మారకుండా మిగిలేలా ఆ లెక్క వేస్తాం, అది చర్మానికి మంచిది. సోడాను నీళ్లలో వేయాలే గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా మరిగి మొహాన చిందుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా మా షెడ్డులో ఎవరినీ గిన్నె దగ్గరికి రానివ్వను. సోడా నీళ్లను నూనెల్లో పోసి కలుపుతాం. ఆ మిశ్రమాన్ని గరిటెతో జారవిడిస్తే పైన గీత పడి కాసేపు చెదరకుండా ఉండాలి, అప్పుడు అచ్చులో పోస్తాం. మర్నాడు కోస్తే వంద గ్రాముల ముక్కలు యాభై పైచిలుకు వస్తాయి.

సోడా చాలావరకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే నూనెతో కలిసిపోతుంది. మిగతా వారాలు నీరు ఇగరడానికి. తొందరపడి అమ్మితే సబ్బు స్నానాల గదిలో నాలుగు రోజులకే కరిగిపోతుంది, కొన్నవాళ్లు మళ్లీ మన గడప తొక్కరు. మా ఎండ కూడా ఒక ఇబ్బందే. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం పోశామా, అచ్చులోనే కాక పెరిగి మధ్యలో బీట తీస్తుంది. అందుకని ఆ రోజుల్లో తెల్లవారకముందే పని ముగించాలి. వానాకాలంలో దీనికి భిన్నంగా, సబ్బులోని గ్లిజరిన్ గాలిలో తేమను లాక్కుని ముక్క పైనంతా చెమరుస్తుంది.

కాబట్టి మా క్యాలెండరు పండగలను బట్టి వెనక్కి లెక్కపెట్టుకున్నది. నరక చతుర్దశి తలంటుకు సబ్బు కావాలంటే వినాయక చవితి నాటికి పోసి ఉండాలి. వట్టివేరు సబ్బు వేసవికే. ఇలా రుతువు చూసి చేయడం కొత్త ఫ్యాషనేమీ కాదు. సిరియాలోని అలెప్పోలో ఆలివ్ కోతలయ్యాక చలికాలంలో సబ్బు వండి, నెలల తరబడి గాలికి ఆరబెడతారు. ఆ విద్యను 2024లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

ఇక అమ్మకం. ముక్కలు పూర్తిగా ఆరడానికి వారం ముందు వాట్సాప్ గ్రూపులో ఫోటో, నూనెల జాబితా, ధర, ఎన్ని ముక్కలున్నాయో పెడతాను. మొదటి రోజు పాతవాళ్లకు, మనిషికి రెండే. మర్నాడు అందరికీ. డబ్బు ఫోన్‌పేలో, సరుకు పోస్టులో. కొసముక్కలను అమ్మను, చిన్నవిగా కోసి ఏదో ఒక పార్సిల్‌లో వేస్తాను. తర్వాతి విడతకు ఆర్డర్లు తెచ్చిపెట్టేది ఆ ముక్కలే. ఈ విద్య కూడా నాది కాదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీత సభల్లో దాన్ని ఉచితంగా పంచి అలవాటు చేశారు.

గడ్డం సబ్బుది వేరే లెక్క. దానికి స్టియరిక్ ఆసిడ్ ఎక్కువ కావాలి, కాస్టిక్ సోడాతో పాటు కాస్టిక్ పొటాష్ కలవాలి. పొటాష్ వల్ల సబ్బు మెత్తగా ఉండి బ్రష్‌కు తేలిగ్గా అందుతుంది. దీనికి నా పరీక్షాధికారి బస్టాండు దగ్గరి సెలూన్ పెద్దాయన. "వాసన తర్వాత చూద్దాం. సగం గడ్డం గీసేసరికి నురగ ఆరిపోతే ఈ సబ్బు నాకెందుకమ్మా?" అన్నాడు. ఆయన తలూపిన విడతే గ్రూపులోకి వెళ్తుంది.

తక్కువ సరుకు ఉందని చెప్పడం వేరు, ఉన్నదాన్ని దాచి తక్కువ ఉందనడం వేరు. గోడౌన్ నిండా పెట్టుకుని "ఇంకా రెండే మిగిలాయి" అని గడియారం తిప్పే ఆన్‌లైన్ అంగళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మోసపు పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ జాబితాలో మొదటిదే ఈ దొంగ తొందర. నిజంగా తక్కువ చేసేవాళ్లకు ఆ అవసరమే రాదు. విడత అయిపోగానే "అయిపోయింది, తర్వాతిది ఫలానా నెలలో" అని రాస్తే చాలు, జనం ఆగుతారు.

ఇంట్లో చేసి స్నేహితులకు పంచుకోవడం వరకు ఫర్వాలేదు గానీ, అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర అధికారుల నుంచి తయారీ లైసెన్సు ఉండాలి. సొంతంగా ఆ ఖర్చు మోయలేనివాళ్లు లోన్ లైసెన్సు మీద, అప్పటికే అనుమతి ఉన్న మరొకరి యూనిట్‌లో తమ సరుకు చేయించుకోవచ్చు. చేతి తయారీ అనే మాటను అడ్డం పెట్టుకుని దీన్ని ఎగ్గొట్టేవాళ్ల మీద నాకు జాలి లేదు. వేపసబ్బు మీద తామర తగ్గుతుందని రాసేవాళ్ల మీద అసలే లేదు. రోగం నయం చేస్తుందన్నారంటే చట్టం దృష్టిలో అది సబ్బు కాదు, మందు.

మీరు మా దగ్గరే కొనక్కర్లేదు. ఎవరి దగ్గర కొన్నా అట్ట తిప్పి చూడండి. తయారుచేసినవారి చిరునామా, లైసెన్సు నంబరు, తయారీ నెల, ఎప్పటిలోగా వాడాలో, బరువు, ఎమ్మార్పీ ఉండాలి. ఎన్ని వారాలు ఆరబెట్టారో నోరు తెరిచి అడగండి. జవాబు చెప్పలేకపోతే ఎంత తక్కువ సరుకైనా ఆ సబ్బు వదిలేయండి.