తెరపై స్కాలర్‌షిప్.. ఊళ్లో సర్టిఫికెట్: ఆటల సీరియళ్లలో నిజమెంత?

గండికోటకు సినిమా యూనిట్లు రావడం జమ్మలమడుగు వాళ్లకు కొత్తేమీ కాదు. 2010లో వచ్చిన ‘మర్యాద రామన్న’లో కొన్ని సన్నివేశాలు ఇక్కడ తీసినవే. తెరమీద కోట గోడలు కనిపిస్తాయి, పెన్నా లోయ కనిపిస్తుంది. కోట చుట్టుపక్కల జనం రోజువారీ బతుకు మాత్రం కనిపించదు. ఆటల మీద వచ్చే సీరియళ్లదీ ఇదే తీరు. మ్యాచ్ చూపిస్తాయి, మ్యాచ్‌కు ముందూ వెనుకా జరిగేది దాటేస్తాయి.

ఇప్పుడు ప్రొద్దుటూరు, పులివెందుల పిల్లలు కూడా ఫోన్‌లోనే అమెరికా సీరియళ్లు చూస్తున్నారు. పేదింటి పిల్లోడు బాగా ఆడతాడు. గ్రౌండ్ పక్కన నిలబడ్డ కోచ్ చూస్తాడు. కాలేజీ సీటు, ఫీజు, హాస్టల్ అన్నీ ఫ్రీ. ఇందులో నిజమెంత? మన దగ్గర అలాంటిది ఉందా?

అమెరికాలో అసలు లెక్క

అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. 2018లో మొదలైన ‘ఆల్ అమెరికన్’ సీరియల్‌కు స్పెన్సర్ పేసింగర్ అనే ఆటగాడి జీవితం ఆధారం. సీరియల్‌లో బెవర్లీ హిల్స్ కోచ్ పేద బస్తీకి వెళ్లి కుర్రాణ్ని వెతికి పట్టుకుంటాడు. నిజ జీవితంలో ఆ స్కూల్ కోచ్ పేసింగర్‌కు దగ్గరి బంధువే. బయటి ప్రాంతాల పిల్లలకు ఇచ్చే ప్రత్యేక పర్మిట్ మీద అతను అక్కడ చేరాడు. అంటే అదృష్టం నడిచి రాలేదు. ఇంట్లోవాళ్లకు దారి తెలుసు, ఆ దారిలో పిల్లోణ్ని నడిపించారు.

సంఖ్యలు చూస్తే ఇంకా అర్థమవుతుంది. హైస్కూల్‌లో ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో ఏ స్థాయి కాలేజీ జట్టుకైనా చేరేది నూటికి సుమారు ఏడుగురే. పై స్థాయి కాలేజీ జట్టు ఒక్కోదానికి 2024-25 వరకు 85 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. డివిజన్-3 కాలేజీలు, హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలు ఆట పేరుతో ఒక్క స్కాలర్‌షిప్ కూడా ఇవ్వవు. డివిజన్-1లో ఆడాలంటే హైస్కూల్‌లో 16 ముఖ్య సబ్జెక్టు కోర్సులు పూర్తి చేయాలి, వాటిలో కనీస గ్రేడు సగటు 2.3 ఉండాలి. ఎంత బాగా ఆడినా చదువు లేకపోతే గేటు దాటలేరు. ఈ మార్కుల గొడవ సీరియల్‌లో ఒకటి రెండు సీన్లలో అయిపోతుంది.

సీరియళ్లు నిజం చెప్పిన చోటూ ఉంది. 2006 నుంచి 2011 వరకు వచ్చిన ‘ఫ్రైడే నైట్ లైట్స్’లో స్మాష్ అనే కుర్రాడికి స్కాలర్‌షిప్ ఖాయమవుతుంది. ఒక గొడవతో అది పోతుంది. ఆపైన మోకాలి గాయం. అక్కడ చాలా కాలం స్కాలర్‌షిప్ అంటే ఏడాదికోసారి పొడిగించే మాటే. ఒకటి కంటే ఎక్కువ ఏళ్లకు రాసిచ్చే వీలు 2012లో గానీ రాలేదు.

రహీం సాబ్ రోజుల్లో

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ గుర్తొస్తుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మీద 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చింది. అందులో ఆయన ఊరూరా తిరిగి ఆటగాళ్లను ఏరుకుంటారు. ఆ కథకు వెనకాల ఒక వ్యవస్థ ఉంది. అదే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బాగా ఆడితే పోలీసు ఉద్యోగం, నెల జీతం. ఆనాటి స్కాలర్‌షిప్ అదే. సికింద్రాబాద్ నుంచి ప్రాక్టీసుకు రావడానికి తులసీదాస్ బలరాంకు అద్దె సైకిల్ డబ్బులు రహీం సాబే ఇచ్చేవారట. ప్రతిభ ఉన్నా దారి ఖర్చు దగ్గరే ఆగిపోయే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

మన తలుపులు ఏవి?

మొదటిది క్రీడా పాఠశాల. కడప శివారు పుట్లంపల్లిలో డాక్టర్ వైఎస్ఆర్ క్రీడా పాఠశాల ఉంది. అడ్మిషన్ ప్రధానంగా నాలుగో తరగతిలో. పరుగు, లాంగ్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, ఎత్తు, బరువు చూసి తీసుకుంటారు. సీరియల్ హీరోను పదిహేడేళ్లప్పుడు కోచ్ గుర్తిస్తాడు. ఇక్కడ ఆ వయసుకు ఈ తలుపు మూసుకుని ఎనిమిదేళ్లయిపోతుంది. టెన్త్ అయ్యాక అడిగే అమ్మానాన్నలకు జవాబు చెప్పడం కష్టం.

రెండోది ఖేలో ఇండియా. ఎంపికైన పిల్లలకు నెలకు 10,000 రూపాయల చేతి ఖర్చు, శిక్షణ, వసతి కలిపి ఏడాదికి 6.28 లక్షల దాకా కేంద్రం భరిస్తుంది. అమెరికా స్కాలర్‌షిప్‌కు దగ్గరగా వచ్చేది ఇదొక్కటే.

మూడోది స్పోర్ట్స్ కోటా. కేంద్ర ఉద్యోగాలకు ఫారం-1 అంటే అంతర్జాతీయ స్థాయి, ఫారం-2 జాతీయ స్థాయి, ఫారం-3 యూనివర్సిటీ, ఫారం-4 స్కూల్ స్థాయి. 2024లో తెచ్చిన రాష్ట్ర క్రీడా విధానం ఉద్యోగాల్లో కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. గుర్తింపు లేని టోర్నీలో కప్పు ఎంత పెద్దదైనా ఇక్కడ దాని విలువ సున్నా. అందుకే ఎంట్రీ ఫీజు కట్టే ముందు నిర్వాహకులను ఒక్క మాట అడగాలి: ఈ సర్టిఫికెట్ ఏ ఫారం కిందికి వస్తుంది?

శ్రీచరణి దారి

2025 నవంబర్ 2న మహిళల ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఎన్.శ్రీచరణి ఉంది. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె ఆడపిల్ల. మొదట వేరే ఆటలాడి, క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్ల వయసులో. జిల్లా, రాష్ట్ర జట్ల మెట్లెక్కి ఢిల్లీ క్యాపిటల్స్‌కు చేరింది. కప్పు గెలిచాక రాష్ట్ర ప్రభుత్వం నగదు, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది.

ఇక్కడే అసలు తేడా. సీరియల్‌లో సాయం గెలుపుకు ముందు వస్తుంది. మన దగ్గర చాలాసార్లు గెలిచాక వస్తుంది. మధ్యలో ఉన్న ఏళ్ల ఖర్చు, బూట్లు, బస్సు చార్జీలు, గాయాలకు వైద్యం, అంతా ఇంటి మీదే. ఆ ఏళ్లలో చదువు వదిలేసిన పిల్లోడికి గాయమైతే చేతిలో ఏమీ మిగలదు.

అమెరికా స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని డబ్బులడిగే వాళ్లు ఎదురైనా ఒక్కటి గుర్తుంచుకోవాలి. అది ఇచ్చేది కాలేజీ, మధ్యవర్తి కాదు. సీరియల్ చూడనివ్వండి, గ్రౌండ్‌కు పోనివ్వండి. స్కూల్ బ్యాగు, సర్టిఫికెట్ల ఫైలు మాత్రం ఇంట్లో భద్రంగా ఉండాలి.